హద్దురాయి కింద ఇసుక

నేను కొబ్బరికాయ కొడితే కాయ పగల్లేదు, వంటగట్టు పగిలింది. ఈ మాట మా ఆయన ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఇప్పటికీ నవ్వుతుంటారు. రావులపాలెంలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు గట్టు మీద కడప బండ వేయించాం. పోయిన వేసవిలో ఒకరోజు పచ్చడి కోసమని కాయని ఆ బండ అంచుకేసి కొట్టాను. అరచెయ్యంత పలక ఒకటి పెచ్చులా లేచి వచ్చింది. కడుపు మండిపోయింది నాకు. తిట్టుకుంటూనే ఆ పలక తీసి కిటికీ దగ్గర వెలుతురులో చూశాను.

పలక లేచిన చోట గీతలున్నాయి. సన్నటి అలల గీతలు, ఒకదాని వెనక ఒకటి, వంకర్లు తిరుగుతూ. నాకు అవి కొత్త కాదు. వరద తీశాక గోదారి మధ్య మా లంకలో ఇసుక మీద నీళ్ళు వదిలిపోయే గీతలు అచ్చం అలాగే ఉంటాయి. చిన్నప్పుడు వాటి మీద గెంతి గెంతి చెరిపినదాన్ని. మరి కడప గనిలో ఉన్న రాయి కడుపులోకి అవి ఎలా వెళ్ళాయి?

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, నేను హైస్కూల్లో సోషల్ టీచర్ని. ఇరవై ఏళ్ళకు పైగా 'అవక్షేప శిలలు పొరలు పొరలుగా ఏర్పడతాయి' అని బోర్డు మీద రాస్తున్నాను. పిల్లలు రాసుకుంటున్నారు. పరీక్షలో అదే వాక్యం తిరిగి రాస్తే మార్కులు వేస్తున్నాను. పొరలుగానే ఎందుకు, ముద్దగా ఎందుకు కాదు అని ఏ పిల్లా అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. గట్టు బాగుచేయడానికి వచ్చిన మేస్త్రీని అడిగాను, ఇంత నున్నటి పలకలుగా వీటిని ఎలా కోస్తారని.

"ఆయ్, కొయ్యడమేంటండి," అన్నాడు. "అంచున ఉలి పెట్టి తడితే అదే విడిపోద్ది. ఎక్కడ విడిపోవాలో రాయికే తెలుసండి."

రాయికి ఎలా తెలుసు? మేస్త్రీకి తెలియదు. మా పుస్తకంలో లేదు. ఇక మిగిలింది మా నాన్నగారు. ఆయనకి డెబ్బై ఆరేళ్ళు. మా ఇంట్లోనే ఉంటారు, కానీ ఉంటారన్న మాటే గానీ పొద్దున్న లేస్తే రేవు దాటి లంకలో ఉంటారు. అక్కడ గౌతమి పాయ ఒడ్డున మాకు ఒక అరటి చేను ఉంది. ఏటికి ఆనుకుని మాది, మా వెనక ఇంకొకావిడది. ఈ రెంటికీ మధ్య ఒక హద్దురాయి. ఆ రాయి గురించే నేను చెప్పాలి.

వెనక చేను ఆవిడ మాకు చుట్టం కాదు. అయినా పుట్టినప్పటి నుంచీ అత్తయ్య అనే పిలుస్తాను, ఆవిడ మా నాన్నగారిని అన్నయ్యగారూ అంటుంది. అంత మర్యాదగా పిలుస్తూనే ముప్పై ఏళ్ళకు పైగా ఆయన్ని దొంగ అంటోంది. నేను ఐదో తరగతిలో ఉండగా పెద్ద వరద వచ్చింది. లంక మొత్తం ఇసుక మేట వేసింది, గట్లు లేవు, గుర్తులు లేవు. ఆ తర్వాత మా నాన్నగారు రాయి జరిపి తన చేనులో ఐదు వరసల అరటి పట్టేంత నేల కలిపేసుకున్నారని ఆవిడ గోల. ఆ ఏడు ఆవిడ భర్త పచ్చకామెర్లు ముదిరి రాజమండ్రి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆవిడ ఒక్కతే వచ్చి, రాయి ఉండాల్సిన చోట లేదని పెద్దల ముందు చెప్పింది. ఆడవాళ్ళకి హద్దులేం తెలుస్తాయన్నారట. అప్పటి నుంచి ప్రతి గెల కోతకీ రాయి దగ్గర నిలబడి ఒక అరగంట అరుస్తుంది. మేము పిల్లలం ఆవిడకి 'రాయి అత్తయ్య' అని పేరు పెట్టాం. ఆవిడలా చెయ్యి తిప్పుతూ అరిచి చూపించడం నాకు భలే వచ్చు. పెళ్ళిళ్ళలో కూడా చేసి చూపించేదాన్ని, అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవారు.

నాన్నగారు మాత్రం ఆవిడతో మాటకి మాట అనేవారు కాదు. ఎవరైనా అడిగితే ఒకటే మాట: "కావాలంటే తవ్వి చూసుకోమనండి. కింద మా నాన్న పాతిన రాయి ఉంటుంది."

ఆ మాటకి అర్థం ఉంది. మా లంకల్లో హద్దురాయి ఒండ్రులో కూరుకుపోతే దాన్ని పెకలించరు. దాని నెత్తి మీదనే ఇంకో రాయి పాతుతారు. పాతేటప్పుడు చుట్టూ బొగ్గులు, కుండ పెంకులు వేస్తారు, ఎందుకంటే బొగ్గు కుళ్ళదు, పెంకు కరగదు. అంటే ఇప్పుడు కనిపించే రాయి కింద పాత రాయి, దాని చుట్టూ బొగ్గులు ఉండి తీరాలి. ఉన్నాయో లేవో చూసినవాళ్ళు లేరు. హద్దురాయి పక్కన పార వేయడం మా వైపు ఎవరూ చేయరు, మహాపాపం అంటారు, పైగా గొడవ.

సరే, గీతల సంగతికి వస్తాను. ఆదివారం నాన్నగారితో పాటు నేనూ పడవెక్కాను, ఆ పలక సంచిలో వేసుకుని. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నీళ్ళు తీసే రోజు," అన్నారు. పద చూపిస్తానని ఏటి కోత దగ్గరికి తీసుకెళ్ళారు. కిందటి వరదకి ఒడ్డు నిలువుగా విరిగిపడిన చోటది. ఆ ఒడ్డుని నేను వందసార్లు చూశాను, మట్టి అనుకున్నాను అంతే. ఆ రోజు కిందకి దిగి ఎదురుగా నిలబడి చూస్తే, అంతా అడ్డంగా చారలు. తెల్లటి ఇసుక చార, దాని మీద గోధుమరంగు, దాని మీద గోరంత నల్లటి గీత, మళ్ళీ తెల్లటి ఇసుక. మనిషెత్తు ఒడ్డులో ఎన్ని చారలో లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాను.

"వరద మొదట్లో నీళ్ళు పరుగు మీద ఉంటాయమ్మా," అన్నారు నాన్నగారు. "పరుగు తగ్గీతగ్గగానే బరువైంది పడిపోద్ది, అదీ ఇసుక. తర్వాత నీళ్ళు నిలబడతాయి. నిలబడ్డ నీళ్ళలోంచి ఒండ్రు దిగుద్ది. ఆఖర్న నీళ్ళు తేటపడేటప్పుడు జిగురుమన్ను దిగుద్ది, పాల మీద మీగడలా. ఇదిగో ఈ నల్లది అదే."

"మరి ఒకదానితో ఒకటి కలిసిపోవా?"

"ఎలా కలుస్తాయి? ఆ జిగురు ఎండి బీటలిస్తుంది. దాని మీద మనం తిరుగుతాం, ఆకులు పడతాయి, పశువులు తొక్కుతాయి. మళ్ళీ ఏడు గోదారి వచ్చి ఎండినదాని మీద తడి ఇసుక తెచ్చి పోస్తుంది. అది దాని మీద కూర్చుంటుంది గానీ దానిలోకి పోదు." ఒడ్డులో వేలాడుతున్న ఒక పెళ్ళ పట్టుకుని మెల్లగా ఊపారు. నల్ల గీత దగ్గర చక్కగా విడిపోయి చేతిలోకి వచ్చింది. విడిపోయిన ముఖం మీద పిట్ట కాలి గుర్తులున్నాయి. ఏ ఏడు నడిచిన పిట్టో ఏమో.

ఆ రోజు ఆయన నాకు ఒడ్డుని పుస్తకంలా చదివి చెప్పారు. ఇది కాటన్ బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన ఏడు, ఇది రెండుసార్లు మునిగిన ఏడు, ఇదిగో ఈ సన్న చారలన్నీ ఏదో వచ్చాం పోయాం అన్నట్టు వచ్చిన వరదలు. అన్నింటి కిందా రెండు మూరల మందాన తెల్లటి ముతక ఇసుక ఉంది, అది నా ఐదో తరగతి వరద. దాని అడుగున చాక్లెట్ రంగు పాత నేల. ఒకచోట చారలన్నీ తెగిపోయి, మధ్యలో గుండ్రంగా కలగాపులగం మట్టి ఉంది. ఇదేంటని అడిగాను. "ఎవరో పిలక పెట్టడానికి గొయ్యి తీసేరు. ఎంత బాగా కప్పెట్టినా తెలిసిపోద్ది. తెగిన పొర మళ్ళీ అతకదు," అన్నారాయన. ఈ మాట ఆయన నోటితోనే విన్నాను నేను.

ఇంటికొచ్చి నేను ఊరుకుంటానా. పచ్చడి సీసా ఒకటి ఖాళీ చేసి, నీళ్ళు నింపి, లంక మట్టి గుప్పెడు వేశాను. గబగబా దాని మీద ఇంకో గుప్పెడు వేశాను. రెండూ కలిసిపోయి ఒకే ముద్దగా దిగాయి, ముతకది కింద, మెత్తనిది పైన. గీత రాలేదు. ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. రెండో సీసాలో గుప్పెడు వేసి, నీళ్ళు తేటపడేదాకా రెండు రోజులు ఆగి, అప్పుడు రెండో గుప్పెడు వేశాను. వచ్చింది గీత. వెంట్రుకంత సన్నగా, సీసా చుట్టూ. చెప్పొద్దూ, వంటింట్లో నిలబడి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. మొదటి సీసాకీ రెండో సీసాకీ తేడా మట్టిలో లేదు, నేను ఆగడంలో ఉంది. గోదారి ఏమీ తేకుండా ఊరుకున్న రోజులే ఆ గీత. కడప బండ అక్కడే విడిపోతుంది. అలలు ఆగిన రోజుకీ మళ్ళీ కొత్త పొర పడిన రోజుకీ మధ్య ఎంత కాలం పోయిందో నాకు తెలియదు గానీ, ఆ ఖాళీ అలాగే రాయిలో ఉండిపోయింది. రెండు సీసాలూ బడికి పట్టుకెళ్ళాను. ముందు పడింది కింద, తర్వాత పడింది పైన, ఎవరూ కదపకపోతే ఇది తిరగబడదని పిల్లలకి చెప్పాను. ఈసారి బోర్డు మీద రాయలేదు.

ఈ పిచ్చిలో నేనుండగా రీసర్వే వచ్చింది. లంకలోని చేలన్నీ కొత్తగా కొలిచి, కొత్త రాళ్ళు వేస్తారట. పక్కపక్క రైతులిద్దరూ హద్దు చూపించి సంతకాలు పెడితే అదే ఖాయం. ఆ మర్నాడే అత్తయ్య మా ఇంటికి వచ్చింది. మా గుమ్మం తొక్కడం నాకు తెలిసి అదే మొదటిసారి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మాయ్, నేను సంతకం పెట్టనని మీ నాన్నగారికి చెప్పు. ఆ రాయి దగ్గర నేను సంతకం పెడితే నా అబద్ధం నేను ఒప్పుకున్నట్టు. పెట్టకపోతే తగాదా నేల అని రాస్తారంట. నా తర్వాత నా కూతురు ఆ గొడవ మొయ్యాలి. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి."

చదువుకున్నదానివి అనేసరికి నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చేసింది. ఎన్నేళ్ళ తగాదా, మాటలతో తేలనిది, మట్టి తేల్చేస్తుంది కదా. రాయి కదపక్కర్లేదు. పక్కన గొయ్యి తీసి, గోడ నున్నగా కోసి చూస్తే చాలు. ఇప్పటి రాయి కింద పాత రాయి ఉందా లేదా, పొర తెగిందా లేదా, అంతే. మా నాన్నగారి మాట నిజమని తేలిపోతుంది, అత్తయ్య నోరు మూత పడుతుంది. నిజం చెప్తున్నాను, నా ఆలోచన అదే. తవ్వి చూద్దామంటే ఆవిడ కూడా వెంటనే ఒప్పుకుంది. ఆవిడ అంత తొందరగా ఒప్పుకోవడం నన్ను ఆలోచనలో పడేయాల్సింది, పడేయలేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర నాన్నగారితో చెప్పాను. "మీరే అంటారుగా నాన్నగారండీ, తవ్వి చూసుకోమని. తవ్వుదాం."

ఆయన కంచంలోంచి తలెత్తలేదు. "హద్దురాయి దగ్గర పార వేస్తారా ఎవరన్నా?"

"రాయిని ముట్టుకోం. పక్కన గొయ్యి తీసి చూస్తాం. అత్తయ్యని కూడా నిలబెడదాం."

"నీ ఇష్టం," అన్నారు. మజ్జిగ పోసుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నారు. ఎండకి తినలేకపోయారు అనుకున్నాను.

ఆ శనివారం పొద్దున్నే నలుగురం లంకకి వెళ్ళాం. నేను, నాన్నగారు, మా తోటలో పనిచేసే ఇద్దరు. అత్తయ్య మాకంటే ముందే వచ్చి రాయి పక్కన కూర్చుని ఉంది. రాయి అన్నానే గానీ పైకి కనిపించేది కొబ్బరికాయంత నెత్తి, మిగతాదంతా ఒండ్రులో ఉంది. ఒక మూర ఎడంగా గొయ్యి తీయించాను. ఛాతీ లోతు వెళ్ళేసరికి ఎండ ఎక్కింది. నేను గోతిలోకి దిగి, ఇంటి నుంచి తెచ్చుకున్న కూరల చాకుతో రాయి వైపు గోడని పై నుంచి కిందకి, జున్ను కోసినట్టు, కొద్దికొద్దిగా కోసుకుంటూ వెళ్ళాను.

పైన సన్న చారలు వచ్చాయి, ఒడ్డులో చూసినవే. రాయి పక్క ముఖం కనిపించింది. దాని కింద తెల్లటి ముతక ఇసుక వచ్చింది, పెద్ద వరదది. రాయి అడుగు ఆ ఇసుకలోనే ఆగిపోయింది. అంతవరకూ బాగానే ఉంది, వరద తర్వాత పాతినదే కదా. ఇక దాని కింద పాత రాయి నెత్తి తగలాలి. జానెడు కోశాను. ఇసుకే. ఇంకా కోశాను. చాక్లెట్ రంగు పాత నేల వచ్చేసింది. దాని మీద నల్లటి సన్న గీత, ఎండి బీటలిచ్చిన జిగురు, ఎక్కడా తెగకుండా రాయి కింద నుంచి అటు చివరికీ ఇటు చివరికీ తిన్నగా వెళ్ళిపోయింది. ఒక్క బొగ్గు ముక్క లేదు. పిలక గొయ్యి అంత తేడా కూడా లేదు. పెద్ద వరదకి ముందు ఆ చోట ఎవరూ ఏ రాయీ పాతలేదు.

పిల్లలకి చెప్పిన పాఠం నాకు నేనే మళ్ళీ చెప్పుకున్నాను, ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. పైకి చూశాను. నాన్నగారు గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు. "ఇంకా లోతుకి తవ్వించు," అన్నారు. ఇంకా లోతుకి తవ్వితే ఏమీ ఉండదని మా ఇద్దరికీ తెలుసు. ఒడ్డు దగ్గర నాకు చదవడం నేర్పింది ఆయనే.

అక్కడితో ఆపేయొచ్చు. ఆపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా, దాచడం ఎందుకు. కానీ పాత రాయి ఎక్కడో ఉండాలి కదా అన్న పురుగు నా బుర్రలో దూరింది. పడవకి వాడే పొడుగాటి ఇనుప ఊచ తెప్పించాను. రాయి దగ్గర నుంచి మా చేనులోకి, ఏటి వైపుకి, అంగకి ఒకసారి ఊచ దింపించుకుంటూ వెళ్ళాను. మెత్తగా దిగుతోంది, మెత్తగా దిగుతోంది. పన్నెండో అంగలో ఠంగుమంది. అక్కడ తవ్వితే తెల్ల ఇసుక అడుగున, పాత నేలలో నిలబడి, రాయి. చుట్టూ గుప్పెళ్ళకొద్దీ బొగ్గులు, ఎర్ర పెంకులు. దాని నెత్తి మీద పెద్ద వరద ఇసుక తెగకుండా కప్పి ఉంది. ఆ రోజు నుంచి దాన్ని ఎవరూ చూడలేదు. మా తాతగారు పాతిన రాయి. మా అరటి వరసలు ఐదు దాటి, ఆరో వరస మొదట్లో.

అత్తయ్య గోతిలోకి దిగలేదు. అంచున కూర్చుని చెయ్యి చాపితే నేను ఒక బొగ్గు ముక్క అందించాను. దాన్ని కొంగున ముడివేసుకుంది. అరుస్తుంది అనుకున్నాను, తిట్టిపోస్తుంది అనుకున్నాను. ఆ అరుపుల కోసం నేను ఎదురు చూశాను కూడా, అరిస్తే నాకు కాస్త తేలికగా ఉండేది.

"నేల వస్తే వచ్చింది అమ్మాయ్," అంది. "ఇన్నేళ్ళు నోరుగలదన్నారు, అబద్ధాలకోరన్నారు. మా ఆయన కూడా చివరిదాకా, పోనీలేవే, నువ్వే తప్పు చూశావేమో అనేవాడు. అలా అనుకునే పోయాడు."

పెళ్ళిళ్ళలో ఆవిడలా చెయ్యి తిప్పి చూపించింది నేను. నాకు తల ఎత్తి చూడటానికి మొహం చెల్లలేదు.

ఇంటికి వచ్చేదాకా ఓర్చుకున్నాను. వచ్చాక నేను ఆగలేదు. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన మెల్లగా వీధిలోకి వెళ్ళిపోయారు.

"ఎందుకండీ నాన్నగారూ?"

ఆయన గొడుగు మూలన ఆనించారు. "ఆ వరద ఒడ్డుని పన్నెండంగలు కోసేసిందమ్మా. ఏటి పక్క చేను నాది. పోయింది నాదే. లంకలో అందరం ఒడ్డు నుంచే కొలుస్తాం. నేనూ ఒడ్డు నుంచే కొలిచాను."

"కొత్త ఒడ్డు నుంచి."

"మరి పాత ఒడ్డు ఎక్కడుంది? గోదార్లో ఉంది." గొంతు పెంచారు. తర్వాత తగ్గించారు. "మా నాన్న నాకిచ్చింది అంత వెడల్పు. అంత వెడల్పూ కొలుచుకున్నాను. గోదారి తీసుకెళ్ళింది ఎవర్ని అడగను?"

"వెనక ఉన్నావిడకి వెనక్కి జరగడానికి చోటు ఉందా?"

"లేదు."

"తెలిసే చేశారా?"

"తెలియకుండా ఎలా ఉంటుంది," అన్నారు. "మొదట్లో రాయి వైపు చూసేవాణ్ణి కాదు. తర్వాత అది మా నాన్న పాతిందే అన్నట్టు అలవాటైపోయింది. తవ్వుకోమని అందరితో అనేవాణ్ణి చూడు, అనేటప్పుడు నిజంగానే కింద రాయి ఉందనిపించేది."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలో, కోపమో, రెండూనో చెప్పలేను. మట్టి నాకు ఏ రాయి ఎప్పుడు పాతారో చెప్పింది గానీ పాతిన మనిషి ఇన్నేళ్ళు ఎలా నిద్రపోయాడో చెప్పలేదు. సర్వేకి పాత రాయే చూపించి సంతకం పెడతానన్నారు. ఐదు వరసలూ వదిలేస్తానన్నారు. ఈ మధ్య ఏరు ఇంకా కోసింది, అవి వదిలేస్తే మాకు మిగిలేది తొమ్మిది వరసలు. నేను ఒక్కదాన్నే కూతుర్ని, ఆ తొమ్మిదీ రేపు నావే. సరేనన్నాను.

"సంతకంతో సరిపోదు నాన్నగారండీ," అన్నాను. "ఆవిడ అబద్ధాలకోరు కాదని చెప్పాలి. అందరి ముందూ."

"పాత రాయి దగ్గర సంతకం పెడితే తెలియదా అందరికీ?"

"తెలియదు."

ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ వారం రోజులూ మా మధ్య కాఫీ ఇచ్చిపుచ్చుకోవడం తప్ప మాటల్లేవు.

సర్వే రోజు లంకలో రైతులు పదిహేను మంది దాకా వచ్చారు. సర్వేయరుగారు పొడుగు కర్రకి తగిలించిన యంత్రం పట్టుకుని మా చేను దగ్గరికి వచ్చి, హద్దు ఎక్కడని అడిగారు. నాన్నగారు కొబ్బరికాయంత నెత్తి ఉన్న రాయిని దాటి, అరటి వరసల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళి, మేము తవ్విన రెండో గొయ్యి దగ్గర నిలబడ్డారు. "ఇక్కడండి," అన్నారు. అత్తయ్య కొంచెం దూరంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. యంత్రం ఏదో కూత కూసింది. సర్వేయరుగారు రాసుకున్నారు.

దక్షిణం వైపు చేను ఆయన నవ్వాడు. "ఏంటండి బాబు, ఇన్నేళ్ళు ఆగి ఆఖరికి ఆవిడ నోటికి భయపడి ఐదు వరసలు వదిలేశారా?"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నాన్నగారు కూడా ఒక నవ్వు నవ్వేస్తే అయిపోయేది. పెద్దమనిషి, పోనీలే పాపమని వదిలేశాడు అనేవారు. అత్తయ్య నేల చూస్తోంది. నేను నాన్నగారినే చూస్తున్నాను. ఆయన ఒకసారి నా వైపు చూసి, గొడుగు మూసి చేతిలో పట్టుకున్నారు.

"భయపడి కాదు," అన్నారు. "వరద తర్వాత హద్దు జరిపి రాయి పాతింది నేను. ఈ నేల ఆవిడది. ఆవిడ మొదటి రోజు నుంచీ నిజమే చెప్పింది."

నవ్వులు ఆగిపోయాయి. సర్వేయరుగారు రాయడం ఆపారు. అత్తయ్య రెండడుగులు ముందుకు వచ్చింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి గానీ తుడుచుకోలేదు.

"ఏవన్నారు అన్నయ్యగారూ?" అంది. "నాకు సరిగ్గా వినపళ్ళేదు."

ఆవిడ చెవులు ఎంత చురుకో లంకలో అందరికీ తెలుసు. నాన్నగారికీ తెలుసు. ఆయన గొంతు సవరించుకుని, మొదటిసారి కంటే గట్టిగా, మొత్తం మళ్ళీ చెప్పారు.